సాధన, సభాకంపం, స్వస్థత: సంగీతంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంగీతం నేర్చుకుంటున్న విద్యార్థుల నుంచి, పిల్లలకు నేర్పిస్తున్న తల్లిదండ్రుల నుంచి, ఇంట్లో అనారోగ్యంతో ఉన్నవారికి పాట ఏమైనా మేలు చేస్తుందా అని ఆశగా అడిగినవారి నుంచి కొంతకాలంగా మాకు చాలా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అనేకమంది అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఆరేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాడు. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారని చదివి, రోజుకు నాలుగు గంటలు కూర్చోబెడుతున్నాను. వర్ణాలన్నీ మొదటి నుంచి చివరి వరకు వాయిస్తాడు గానీ, ఏడాదిగా ఎదుగుదల లేదని గురువుగారు అంటున్నారు. గంటలు ఇంకా పెంచమంటారా?
— ఒక తల్లి, విజయవాడ

జవాబు: పెంచవద్దమ్మా. ఇప్పుడున్న నాలుగు గంటల్లో ఏం జరుగుతున్నదో ముందు చూడండి. మీరు చదివిన పదివేల గంటల మాటకు మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లోని సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థులపై జరిపిన పరిశోధన. అధ్యాపకులు అత్యుత్తములని ఎంచినవారు పద్దెనిమిదేళ్ల వయసుకు సగటున సుమారు 7,400 గంటలు, మంచి వాద్యకారులనిపించుకున్నవారు సుమారు 5,300 గంటలు, సంగీతోపాధ్యాయులు కావడానికి చదువుతున్నవారు సుమారు 3,400 గంటలు ఒంటరిగా సాధన చేసినట్లు అందులో తేలింది. పదివేలు అన్నది ఇరవయ్యో ఏటికి మొదటి వర్గం చేరుకున్న సగటు మాత్రమే. అంటే ఆ వర్గంలోనే అంతకు తక్కువ సాధన చేసినవారూ ఉన్నారు. పదిహేనేళ్ల తరువాత ఆ సంఖ్య జనరంజకమైన పుస్తకాలలోకి ఎక్కి, ఎవరు దాటినా ఫలితమిచ్చే గీత అన్నట్లుగా ప్రచారమైంది. ఎరిక్సన్ స్వయంగా ఆ వ్యాఖ్యానాన్ని అంగీకరించలేదు.

2019లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రూక్ మెక్నమారా, మేఘా మైత్ర అదే పరిశోధనను మరింత కట్టుదిట్టంగా మళ్లీ చేశారు. వాద్యకారుల స్థాయిలో కనిపించే తేడాలలో సుమారు నాలుగో వంతును మాత్రమే సాధన గంటలు వివరించగలిగాయి. అంతకంటే ముఖ్యంగా, మంచి వాద్యకారులు, అత్యుత్తమ వాద్యకారులు చేసిన గంటలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సాధన లేనిదే విద్య రాదన్నది నిజమే. ఒక స్థాయికి చేరిన తరువాత మాత్రం గంటల లెక్క పిల్లవాడి గురించి మనకు చెప్పగలిగేది తక్కువ.

మరి ఏది చెబుతుంది? టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. పదిహేడుమంది పియానో విద్యార్థులకు కష్టమైన చిన్న భాగాన్ని ఇచ్చి, తృప్తి కలిగేంతవరకు సాధన చేసుకోమన్నారు. మరునాడు వారందరూ వాయించినది విని వరుస కట్టారు. ఎవరు ఎంతసేపు సాధన చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ, ఆ వరుసకూ సంబంధం కనిపించలేదు. పై స్థానాల్లో నిలిచినవారు సాధనలో తప్పులు చేయకుండా ఏమీ లేరు. అయితే తప్పు దొర్లిన చోటనే ఆగి, అది ఎక్కడ మొదలైందో కచ్చితంగా గుర్తించి, వేగం తగ్గించి, ఆ ముక్క సరిపడేదాకా వాయించి, ఆ తరువాతే ముందుకు కదిలారు.

మీ అబ్బాయి విషయానికి వద్దాం. మోహన రాగ వర్ణంలో గ ప ద స అన్న పట్టు దగ్గర ద నుంచి పై స కు జారేటప్పుడు వేలు ఒక వెంట్రుకవాసి కిందనే ఆగిపోతున్నదనుకుందాం. వర్ణాన్ని మొత్తంగా ఇరవైసార్లు వాయిస్తే ఆ తప్పును కూడా ఇరవైసార్లు సాధన చేసినట్లే. వేలికి అదే అలవాటవుతుంది. దానికి బదులు శ్రుతిపెట్టె మోగుతుండగా ఆ రెండు స్వరాలనే తీసుకుని, ముందు గొంతుతో పాడించండి. తరువాత కమానును నిండుగా, నిదానంగా లాగుతూ వాయించమనండి. స్వరం శ్రుతిలో కలిసినప్పుడు వయొలిన్ పలుకులో వచ్చే నిండుదనాన్ని తానే గుర్తించాలి. తరువాత ముందు స్వరం ఒకటి, వెనుక స్వరం ఒకటి చేర్చాలి. అప్పుడు మొదటి కాలంలో (నిదానంగా), ఆపైన రెండో కాలంలో (రెట్టింపు వేగంతో). తొలి పాఠాలైన సరళీ వరుసలను, జంట వరుసలను, అలంకారాలను మూడు కాలాలలో చేయించే మన పద్ధతిలో ఈ వివేకమంతా ఉన్నది. పాఠం పెద్దదయ్యేసరికి, ఎందుకో, మనమే దాన్ని వదిలేస్తున్నాము.

మరొక మాట. బెర్లిన్‌లోని ఆ ఉత్తమ విద్యార్థులు ఏకబిగిన గంటల తరబడి కూర్చోలేదు. మధ్యలో విరామాలిస్తూ సాధనను విడతలుగా పంచుకున్నారు. మిగతావారికంటే ఎక్కువసేపు నిద్రపోయారు, పగటిపూట కునుకు కూడా తీశారు. వేళ్లు నేర్చుకున్న కదలికలను మెదడు నిద్రలో స్థిరపరుచుకుంటుందని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. పద్నాలుగేళ్ల పిల్లవాడి నిద్రను కోసి సాధనలో కలిపితే రెండూ నష్టపోతాయి. ముప్పై, నలభై నిమిషాల విడతలు రోజుకు మూడు పెట్టండి. ప్రతి విడత మొదట్లో ‘ఈరోజు నేను సరిచేయవలసిన పట్టు ఇది’ అని పుస్తకంలో రాసుకోమనండి. ఏం రాయాలో తోచని రోజు వస్తే గురువుగారిని అడగవలసిన ప్రశ్న అదే.

ప్రశ్న: నేను గాత్రంలో డిప్లొమా చదువుతున్నాను. ఇంట్లో బాగా పాడతాను. వేదిక ఎక్కగానే చేతులు చల్లబడతాయి, నోరు ఎండిపోతుంది, తారస్థాయి షడ్జం దగ్గర గొంతు వణుకుతుంది. రెండు పోటీల్లో ఇలాగే జరిగింది. ఇది నాలోని లోపమా? ఒక స్నేహితురాలు ఏదో మాత్ర వేసుకోమంటున్నది.
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: లోపం కాదు తల్లీ. ఇరవయ్యో శతాబ్దపు మహావిద్వాంసులలో ఒకరైన చెల్లో వాద్యకారుడు పాబ్లో కసాల్స్‌ను కూడా ఈ భయం జీవితాంతం వదలలేదు. ప్రమాదం ఎదురైనదని శరీరం అనుకున్నప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి, వేళ్లకు వెళ్లే రక్తం తగ్గుతుంది, లాలాజలం ఎండిపోతుంది, ఊపిరి ఛాతీ పైభాగానికే పరిమితమవుతుంది. మీ చేతులు చల్లబడడానికి, తారషడ్జం వణకడానికి కారణం ఇదే. పై స్వరాన్ని నిలపడానికి దీర్ఘమైన, నిలకడైన శ్వాస కావాలి. భయం ముందుగా దెబ్బతీసేది దానినే.

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో ప్రదర్శన శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉన్నది. 2000లో మొదలైన ఆ కేంద్రం ఇంపీరియల్ కాలేజ్‌తో కలిసి పనిచేస్తున్నది. అక్కడి ఆరన్ విలియమన్, ఆయన సహచరులు కృత్రిమ వేదికను ఒకదాన్ని నిర్మించారు. విద్యార్థి ముందుగా తెరవెనుక గదిలో ఎదురుచూస్తాడు. పిలుపు రాగానే దీపాల వెలుగులోకి నడిచి వస్తాడు. ఎదుట తెరపై ప్రేక్షకులో, న్యాయనిర్ణేతలో కనిపిస్తారు. వారు చప్పట్లు కొట్టగలరు, దగ్గగలరు, ముఖం ముడుచుకోగలరు. 2014లో ప్రచురితమైన వారి పరిశోధనలో పదకొండుమంది వయొలిన్ విద్యార్థులు ఈ కృత్రిమ వేదికపై వాయించారు, వారిలో ఏడుగురు కృత్రిమ పరీక్షలోనూ, నిజమైన పరీక్షలోనూ వాయించినప్పుడు గుండె స్పందనను కొలిచారు. అది రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉన్నది. తెరపై ఉన్నది బొమ్మలని తెలిసినా శరీరం నిజమనే అనుకున్నది.

ఈ ఫలితం మీకు ఎలా ఉపయోగపడుతుందో చెబుతాను. పాడడం ఒక విద్య, పదిమంది ముందు పాడడం మరొక విద్య. మొదటిదానికి మీరు వేల గంటలు వెచ్చించారు, రెండోదానికి ఏడాదికి రెండు పోటీలే మిగిలాయి. మన సంగీత కళాశాలలు ఈ రెండో విద్యను పాఠ్యప్రణాళికలో చేర్చకుండా విద్యార్థి ధైర్యానికి వదిలేయడం అన్యాయమని నా నమ్మకం. 1919లో మీ ఊళ్లోనే మహారాజా సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అక్కడ అధ్యక్షులుగా ఉన్నారు. నారాయణదాసుగారి హరికథ వేదిక మీదే పుట్టి, వేదిక మీదే బతికిన కళ. ఆ గడ్డ మీద చదువుకునేవారికి వేదిక పరాయిది కాకూడదు.

ఖరీదైన కృత్రిమ వేదిక అక్కర్లేదు. వారానికి ఒకసారి కచేరికి కట్టుకునే చీరే కట్టుకుని, తంబురా శ్రుతి చేసుకుని, పక్క గదిలో పది నిమిషాలు ఒంటరిగా వేచి ఉండి, తరువాత ఇరుగుపొరుగువారి ఎదుట పాడండి. ఫోను కెమెరాను ఎదురుగా పెట్టండి. తప్పు వచ్చినా ఆగకుండా పల్లవి అందుకోవడం ఆ రోజు నియమం. ఆగి సరిదిద్దడం సాధన గదిలో చేయవలసిన పని, వేదిక మీద దాని అవసరం లేదు. వేచి ఉన్న ఆ పది నిమిషాలలో నిమిషానికి సుమారు ఆరుసార్లు మాత్రమే వచ్చేలా ఊపిరిని నిదానంగా తీసి వదలండి. 2012లో ఆస్ట్రేలియాలో నలభైఆరుమంది సంగీతజ్ఞులపై జరిపిన పరిశోధనలో, ఎక్కువగా ఆందోళన పడేవారికి ఇటువంటి శ్వాస మేలు చేసినట్లు తేలింది. ‘నాకు భయంగా లేదు’ అని మనసుతో పోట్లాడవద్దు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడబోయే ముందు ‘నాకు ఆందోళనగా ఉంది’ అన్నవారికంటే ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అనుకున్నవారే మెరుగ్గా పాడారు. గుండె దడదడలాడడం రెండింటిలోనూ ఉంటుంది కాబట్టి ఆ మాటను శరీరం సులభంగా ఒప్పుకుంటుంది.

మీ స్నేహితురాలు చెప్పినది బహుశా బీటా బ్లాకర్ అయి ఉంటుంది. తంత్రీవాద్యకారులలో అది వేదికపై వణుకును తగ్గిస్తుందని 1977లోనే లాన్సెట్ వైద్యపత్రిక ప్రచురించింది. అయినా అది గుండెకు సంబంధించిన మందు. ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం కావచ్చు. వైద్యుని పరీక్ష లేకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు.

ప్రశ్న: మృదంగం వాయిస్తాను. పండుగల రోజుల్లో వరుస కచేరీలు, పగలు పాఠాలు. మూడు నెలలుగా కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా నొప్పి. ‘నొప్పి ఓర్చుకుంటేనే చేయి తిరుగుతుంది’ అని పెద్దలు అంటారు. ఓర్చుకోవచ్చా?
— ఒక వాద్యకారుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఓర్చుకోవద్దండీ. కొత్త పాఠం చేసిన రోజు కండరాలు బరువెక్కి, రాత్రి నిద్రతో తగ్గిపోతే అది అలసట. వాయించడం ఆపిన తరువాత కూడా ఉండే నొప్పి, ఉదయం లేవగానే పలకరించే నొప్పి, తిమ్మిరి, పట్టు తప్పడం గాయానికి సూచనలు. మూడు నెలలుగా ఉన్నదంటే ఎముకల వైద్యునికో, ఫిజియోథెరపిస్టుకో చూపించవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. వెళ్లేటప్పుడు మృదంగాన్ని కూడా తీసుకువెళ్లి, ఎలా కూర్చుంటారో, ఫరన్లు (వేగంగా సాగే జతులు) వాయించేటప్పుడు మణికట్టు ఎంత వంగుతుందో వాయించి చూపించండి. నోటితో చెబితే వైద్యునికి అర్థమయ్యే విషయం కాదది.

మీరు ఒంటరివారు కారు. 1980ల చివర అమెరికా సింఫనీ వాద్యబృందాలలోని రెండు వేలమందికి పైగా సంగీతకారులను ప్రశ్నించినప్పుడు, నూటికి డెబ్బైఆరుమంది తమ వాద్య ప్రదర్శనను దెబ్బతీసేంతటి ఆరోగ్య సమస్య కనీసం ఒకటైనా ఉన్నదని చెప్పారు. ఆ తరువాతే అక్కడ సంగీతకారులకు ప్రత్యేక వైద్యం అన్న ఆలోచన బలపడింది. మనకు అటువంటి చోట్లు చాలా తక్కువ. అందుకే నొప్పిని దాచుకునే అలవాటు మన వాద్యకారులలో బలంగా ఉన్నది. నొప్పి ఉందంటే పక్కవాద్యానికి పిలవరేమో అన్న భయం దానికి తోడవుతుంది. ఆ భయం అర్థమవుతున్నది. కానీ దాచిన గాయం ఒక సీజన్ కచేరీల కంటే చాలా ఎక్కువ కాలాన్ని తినేస్తుంది.

ఒక్కసారిగా పెరిగిన మోతాదు గాయాలకు ప్రధాన కారణం. రెండు నెలలు రోజుకు గంట వాయించినవారు పండుగ వారంలో రోజుకు ఆరు గంటలు వాయిస్తే కండర బంధనాలు ఆ బరువును మోయలేవు. కచేరీల రోజులకు మూడు, నాలుగు వారాల ముందు నుంచే సాధనను కొద్దికొద్దిగా పెంచుతూ రావాలి. కచేరి ఉన్న రోజు పాఠాలు నోటితో చెప్పండి. జతులను నోటితో పలికి చెప్పినప్పుడు విద్యార్థి నేర్చుకునేది తగ్గదు, మీ చేతికి విశ్రాంతి దొరుకుతుంది. అల్వారో పాస్కువల్ లియోన్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో, పియానో పాఠాన్ని ఐదురోజులు మనసులోనే సాధన చేసినవారి మెదడులో వేళ్లకు సంబంధించిన ప్రాంతం, నిజంగా వాయించినవారిలో మారినట్లే మారింది. కాబట్టి చేయి మానే వరకు తని ఆవర్తనాన్ని (కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగాన్ని) మనసులో నడపడం వృథా కాదు.

నొప్పి లేకుండానే ఒక వేలు మాట వినకపోతే, దానంతటదే ముడుచుకుపోతే, మరింత సాధనతో దాన్ని లొంగదీయాలని చూడవద్దు. సంగీతకారులలో సుమారు నూటికి ఒకరికి వచ్చే ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సంబంధ వ్యాధికి అది లక్షణం. అమెరికన్ పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేతి వేళ్లు 1960లలో ఇలాగే ముడుచుకుపోయాయి. ఆయన దశాబ్దాలపాటు ఎడమచేతితోనే వాయించి, చికిత్స అనంతరం 1990లలో మళ్లీ రెండు చేతులతో వేదిక ఎక్కారు.

పనిలో పనిగా చెవుల సంగతి. జర్మనీలో ఆరోగ్యబీమా లెక్కలను పరిశీలించి 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వృత్తి సంగీతకారులకు శబ్దం వల్ల వినికిడి దెబ్బతినే అవకాశం ఇతరులకంటే 3.6 రెట్లు ఎక్కువ. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట మాత్రమే. పెళ్లిళ్లలో డోలు, నాదస్వరం వాయించేవారు, డప్పు కళాకారులు, స్పీకర్ల పక్కనే కూర్చునేవారు సంగీతకారులకోసం తయారుచేసిన చెవి బిరడాలు వాడుకోవడం మంచిది. అవి అన్ని స్థాయులనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కాబట్టి శ్రుతి జ్ఞానానికి అడ్డురావు.

ప్రశ్న: మా వాడు పదమూడేళ్లవాడు, ఐదు శ్రుతిలో హాయిగా పాడేవాడు. ఇప్పుడు గొంతు చీలిపోతున్నది. పాట మాన్పించాలా?
— ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: మాన్పించనవసరం లేదండీ. ఈ వయసులో మగపిల్లల స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. గొంతు సుమారు ఒక స్థాయి (పై స నుంచి కింది స వరకు ఉండే దూరం) దిగుతుంది. కొన్ని నెలలపాటు, ఒక్కొక్కరికి ఏడాదికి పైగా నిలకడ ఉండదు. పాత శ్రుతిలో పాడమని బలవంతం చేయడమే అసలు ప్రమాదం. గొంతు ఎక్కడ హాయిగా పలికితే అక్కడికి శ్రుతిని దించి, తారస్థాయి జోలికి పోకుండా, మెల్లగా కొద్దిసేపు పాడించమని గురువుగారిని కోరండి. ఈ వ్యవధిలో తాళజ్ఞానం, రాగలక్షణాలు, వీలైతే ఒక వాద్యం నేర్పించవచ్చు. పోటీలకు మాత్రం పంపవద్దు. జలుబు, జ్వరం లేకుండా బొంగురు నాలుగు వారాలు దాటితే, ఆడపిల్లలకైనా, పెద్దలకైనా, రోజంతా పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకైనా, చెవి ముక్కు గొంతు వైద్యునిచేత స్వరతంత్రులను పరీక్ష చేయించాలి.

ప్రశ్న: మా చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది. పాప పుట్టి రెండు నెలలైంది. ఎప్పుడూ ఏడుస్తూ ఉంటుంది, పాపను ఎత్తుకోవాలనిపించడం లేదంటుంది. పాటలు పాడితే బాలింతలకు దిగులు తగ్గుతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
— ఒక అక్క, కరీంనగర్

జవాబు: ముందు ముఖ్యమైన మాట. కాన్పు తరువాత మొదటి వారాల్లో వచ్చి పోయే దిగులు వేరు. రెండు వారాలు దాటి కొనసాగే బాధ, బిడ్డపై మనసు లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ప్రసవానంతర కుంగుబాటుకు లక్షణాలు. అది జబ్బు, మందు ఉన్న జబ్బు. ఇప్పుడిప్పుడే తల్లులైనవారిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు నూటికి పదమూడుమందికి, వర్ధమాన దేశాలలో దాదాపు ఇరవైమందికి మానసిక అనారోగ్యం, ముఖ్యంగా కుంగుబాటు, వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మీ చెల్లెలిని ఈ వారంలోనే కాన్పు చేసిన వైద్యురాలికి గానీ, మానసిక వైద్యునికి గానీ చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ మాట్లాడుతుంది. తనను గానీ, పాపను గానీ ఏమైనా చేసుకుంటానన్న మాట నోటి వెంట వస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మీరు విన్న మాటకు గట్టి ఆధారమే ఉన్నది. లండన్‌లో డెయిజీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ కుంగుబాటు లక్షణాలున్న 134మంది తల్లులను మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గం తల్లులు పది వారాలు పిల్లలతో కలిసి పాటలు పాడారు. రెండో వర్గం పిల్లలతో ఆటల బృందాల్లో పాల్గొన్నారు. మూడో వర్గానికి మామూలు వైద్యసేవ మాత్రమే అందింది. పదో వారానికి మూడు వర్గాలవారూ కోలుకున్నారు గానీ, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన లక్షణాలున్నవారిలో పాటల వర్గం తల్లులే వేగంగా, మొదటి ఆరువారాల్లోనే, మెరుగయ్యారు. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ దీన్ని ప్రచురించింది. కుంగుబాటులో ఉన్న తల్లికి, ఆమె పసిబిడ్డకు ఆ ఆరువారాలు చిన్న వ్యవధి కాదు.

ఆ తల్లులు గాయనులు కారు. పాట బాగుండాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. బిడ్డ చూపు తల్లి ముఖంపై నిలవడం, పక్కన అదే స్థితిలో ఉన్న మరొక తల్లి ఉండడం, ఏదో ఒకటి చేయగలిగానన్న తృప్తి అక్కడ కలిసివచ్చాయి. ఫోనులో జోలపాట పెట్టి ఇస్తే ఈ మూడూ రావు. కాబట్టి వైద్యంతోపాటు ఇంట్లో అమ్మమ్మ, పెద్దమ్మ, మీరు రోజూ ఒక వేళకు పాప దగ్గర చేరి లాలిపాటలు పాడండి. చెల్లెలిని పాడమని ఒత్తిడి చేయవద్దు. పక్కన కూర్చుంటే చాలు, కలపాలనిపించిన రోజు తనే గొంతు కలుపుతుంది. ‘పాట పాడితే పోయేదానికి మందులెందుకు’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనకూడదు. అంగన్‌వాడీ కేంద్రాలలో బాలింతలు ఎలాగూ కలుస్తూనే ఉంటారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఆ కలయికలో ఒక అరగంట లాలిపాటలకు కేటాయిస్తే పెద్ద ఖర్చు లేకుండానే ఎందరో తల్లులకు తోడు దొరుకుతుంది. దీన్ని అధికారులు పరిశీలించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామంది, కర్ణాటక సంగీతం నేర్పిస్తే పిల్లలకు లెక్కలు బాగా వస్తాయని చేర్పిస్తున్నారు. మోజార్ట్ సంగీతం వినిపిస్తే తెలివి పెరుగుతుందని కూడా అంటారు. ఇందులో నిజమెంత?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చాలా తక్కువండీ. 1993లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో పాల్గొన్నది ముప్పైఆరుమంది కళాశాల విద్యార్థులు. పది నిమిషాలు మోజార్ట్ సంగీతం విన్నాక ఒక రకమైన ఆకృతుల లెక్కలు వారు కాస్త మెరుగ్గా చేశారు, ఆ ప్రభావం పావుగంటలో పోయింది. పసిపిల్లల ఊసే అందులో లేదు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతపు క్యాసెట్టో, సీడీయో ఇవ్వాలని ప్రతిపాదించేదాకా వెళ్లింది. 2004లో గ్లెన్ షెల్లెన్‌బర్గ్ టొరంటోలో 144మంది ఆరేళ్ల పిల్లలపై చేసిన పరిశోధనలో, ఏడాది సంగీతం నేర్చుకున్నవారి ప్రజ్ఞాంకం మిగతావారికంటే రెండు మూడు పాయింట్లు మాత్రమే ఎక్కువగా పెరిగింది. తరువాతి పరిశోధనలను కలిపి చూసినవారు ఆ కొద్దిపాటి లాభాన్నీ సందేహించారు. లెక్కలకోసం చేర్పించిన పిల్లవాడికి లెక్కల్లో మార్కులు రాగానే సంగీతం మానేయడానికి కారణం దొరుకుతుంది. మన రాగం మన పిల్లల గొంతులో పలకాలన్న కోరికే చాలినంత కారణం. దానికి మరొకటి తోడు తెచ్చుకోనవసరం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి అరవైఎనిమిదేళ్లు. పక్షవాతం వచ్చి నెలన్నర అయింది. కుడిచేయి, కాలు పడిపోయాయి. మాట రావడం లేదు, ‘నీళ్లు’ అనడానికి కూడా కష్టపడతారు. కానీ మొన్న అమ్మ అన్నమయ్య కీర్తన పాడుతుంటే మాటలతో సహా పల్లవి అందుకున్నారు. మాకు ఆశ్చర్యంగా ఉంది. దీన్ని ఎలా ఉపయోగించుకోవాలి?
— ఒక కుమారుడు, నిజామాబాద్

జవాబు: మీరు చూసినది వైద్యులకు చిరకాలంగా తెలిసిన విషయమే. చాలామందిలో మాటను నడిపే కేంద్రాలు మెదడు ఎడమభాగంలో ఉంటాయి. కుడిచేయి పడిపోయి మాట పోయినదంటే దెబ్బ తగిలినది బహుశా అక్కడే. పాటకు, వరసకు సంబంధించిన పని రెండు భాగాలలోనూ, ముఖ్యంగా కుడిభాగంలో జరుగుతుంది కాబట్టి, చిన్ననాటి నుంచి నోటికి వచ్చిన కీర్తన చెక్కుచెదరకుండా మిగిలింది. దీని ఆధారంగానే 1973లో బోస్టన్‌లో స్వరానుసార చికిత్స ఒకటి రూపుదిద్దుకున్నది.

అయితే, కీర్తన పాడగలగడానికీ, కావలసినది అడగగలగడానికీ మధ్య దూరం ఉన్నది. కీర్తనలెన్ని పాడినా ‘నీళ్లు కావాలి’ అన్న మాట దానంతటదే రాదు. ఆ చికిత్సలో అవసరమైన చిన్న వాక్యాన్నే పాటగా మారుస్తారు. ‘నీళ్లు కావాలి’ అన్న మాటను రెండే స్వరాలలో, మామూలుగా మాట్లాడేటప్పుడు ఒత్తి పలికే అక్షరాలను పై స్వరంలో, మిగతావాటిని కింది స్వరంలో, సాగదీసి పాడతారు. ఒక్కొక్క అక్షరానికి రోగి ఎడమచేతిని మెల్లగా తడతారు. మొదట చికిత్సకుడు కూనిరాగం తీస్తాడు, తరువాత ఇద్దరూ కలిసి పాడతారు, ఆ తరువాత చికిత్సకుడు సగంలో ఆపి రోగిని పూర్తిచేయనిస్తాడు, చివరికి పాటను మెల్లమెల్లగా మాటలోకి దింపుతాడు. దీనికి వారాలు, నెలలు పడతాయి. అందరికీ ఒకే ఫలితం రాదు. విన్నది అర్థమవుతూ, చెప్పడమే కష్టమైనవారికి ఎక్కువగా పనికివస్తుంది. కాబట్టి శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టు ఆధ్వర్యంలోనే మొదలుపెట్టండి. జిల్లాలో దొరకకపోతే హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల నాడీవైద్య విభాగాల్లో ఉంటారు.

ఈలోగా వినడం కూడా మేలే చేస్తుంది. ఫిన్లాండ్‌లో టెప్పో సార్కమో, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన పరిశోధనలో, పక్షవాతం వచ్చిన కొత్తలో రోజుకు కనీసం గంటసేపు తమకు నచ్చిన సంగీతం రెండు నెలలు విన్నవారికి, మూడో నెలకు మాటలకు సంబంధించిన జ్ఞాపకశక్తి సుమారు అరవై శాతం మెరుగైంది. పుస్తక పఠనం విన్నవారిలో అది పద్దెనిమిది శాతం, రెండూ వినని వారిలో ఇరవైతొమ్మిది శాతం. సంగీతం విన్నవారిలో కుంగుబాటు కూడా తక్కువగా ఉన్నది. నాన్నగారికి నచ్చినవే పెట్టండి. మీ ఇష్టం, ఇంటికి వచ్చిన బంధువుల ఇష్టం ఇక్కడ లెక్కలోకి రావు. అలసినట్లు కనిపిస్తే ఆపేయండి, రోజంతా మోగుతూ ఉండనివ్వవద్దు.

థెరపిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు నాన్నగారు పల్లవి పాడుతున్న వీడియో ఒకటి ఫోనులో తీసుకువెళ్లండి. ఏ మాటలు స్పష్టంగా వచ్చాయి, ఎక్కడ ఆగిపోయారు, అమ్మగారు పాడడం ఆపేస్తే ఆయన కొనసాగించారా లేదా అన్నవి రాసిపెట్టుకోండి. ఇంట్లో ఆయన రోజూ అడగవలసివచ్చే నాలుగైదు మాటలు, మీ ఇంట్లో వాడే పలుకుబడిలోనే, కాగితం మీద రాసి ఇవ్వండి. చికిత్సకు ఎంచుకునే వాక్యాలు వాటిలో నుంచే వస్తాయి.